పదకొండు శుక్రవారాలు

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం మా చెల్లెలి కొడుకు మియాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. భోజనం చేసి, చేయి కడుక్కుని, బాల్కనీలోకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మామయ్యా, పని ఎక్కువైందని బాధ లేదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరవాలంటే కడుపులో తిప్పుతోంది. ఎవరి కింద పనిచేస్తున్నానో ఆ మనిషి మీద గౌరవం పోయింది" అన్నాడు. వాడికి ఆరేళ్ళ అనుభవం. రాయదుర్గంలో మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే వాడి ఆఫీసు.

"ఎక్కడైనా అంతే నాన్నా, కాస్త ఓపిక పట్టు" అని సర్ది చెప్పి పంపాను. పాతికేళ్ళు అదే దారిన తిరిగినవాడు చెప్పదగ్గ మాట కాదది. వాడు లిఫ్టు దిగేలోపే నాకా సంగతి తెలిసింది. వాడు ఎలాంటి మనిషి గురించి చెప్పుకుని బాధపడ్డాడో, ఒకప్పుడు నేనూ అలాంటివాణ్నే. ముందు చెడ్డ మేనేజర్ల కింద నలిగాను. ఆ తరవాత నా కిందవాళ్ళని నలిపాను. ఆ రోజు వాడికి చెప్పలేకపోయినవి ఇప్పుడు వరసగా రాస్తున్నాను. వాడి ఈడువాళ్ళు ఇంకెవరైనా చదివితే అంతకన్నా కావలసింది లేదు.

1. చెడ్డ కబురు నిలవుంటే విషమవుతుంది.

2006లో అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టు ఒకటి నా చేతిలో ఉండేది. నేను పనిచేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మా డైరెక్టరు క్లయింట్ కాల్‌లో, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, డిసెంబరు మొదటి వారానికి పని అప్పజెబుతామని మాటిచ్చేశాడు. కూర్చుని లెక్క కడితే ఫిబ్రవరి దాటుతోంది. మాకు ప్రతి శుక్రవారం స్టేటస్ రిపోర్టు పంపే పద్ధతి ఉండేది. ప్రాజెక్టు పేరు పక్కన ఒక రంగు పెట్టాలి. అంతా బాగుంటే పచ్చ, అనుమానముంటే పసుపు, ప్రమాదముంటే ఎరుపు. మొదటి శుక్రవారం పసుపు పెట్టాను. డైరెక్టరు పిలిచి, "నువ్వే భయపడితే నీ టీమ్ ఏమైపోవాలి?" అన్నాడు. అక్కడే, ఆయన ముందే, పచ్చ చేశాను. ఆ వారంతో కలిపి పదకొండు శుక్రవారాలు పచ్చే పెట్టాను.

టీమ్ లీడ్‌గా ఉన్న వరంగల్ కుర్రాడొకడు రివ్యూ మీటింగ్‌లో లేచి, "ఇది అయ్యే పని కాదండీ, ఇప్పుడే చెప్పేస్తే మేలు" అన్నాడు. పది రోజులు తిరక్కుండా అతన్ని ప్రాజెక్టులోంచి తప్పించి, పని లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు. అతని వైఖరి బాగాలేదని కారణం రాశారు. అతను చెప్పింది నిజమని ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ని నేను. ముందున్న కాగితాలు చూసుకుంటూ కూర్చున్నాను. నవంబరు ఆఖరుకు గుట్టు బయటపడింది. క్లయింటు బిల్లులో కోత పెట్టాడు. మావాళ్ళు వరసగా ఏడు శనాదివారాలు ఆఫీసులోనే గడిపారు, సంక్రాంతికి ఎవరూ ఊళ్ళకు వెళ్ళలేదు. అదే సంగతి సెప్టెంబరులో చెప్పి ఉంటే నాలుగు మాటలు పడి బయటపడేవాళ్ళం.

2009 జనవరి 7, బుధవారం. సైబరాబాద్‌లో ఆ రోజు ఉద్యోగంలో ఉన్నవాళ్ళెవరూ ఆ పూట మరచిపోలేరు. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది. మా ఫ్లోర్‌లో ఒక్క కీబోర్డు చప్పుడు కూడా వినిపించలేదు. బ్యాంకుల్లో ఉందని పుస్తకాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే రాశారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 649 కోట్లు నిర్వహణ లాభమని చూపించారు, నిజానికి వచ్చింది 61 కోట్లు. షేరు ధర ఒక్క రోజులో సుమారు 179 రూపాయల నుంచి 40కి పడిపోయింది. 1987లో పుట్టి, 53 వేల మందికి ఉద్యోగాలిచ్చిందని చెప్పుకున్న కంపెనీ అది. ఆ ఉదంతానికి కొద్ది నెలల ముందే, 2008లో, మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది.

ఆ ఉత్తరంలో నన్ను పట్టి కుదిపిన సంగతి వేరే ఉంది. ఉన్న లాభానికీ, చూపించిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చాలా కొద్దిదేనని, ఏళ్ళు గడిచేకొద్దీ అది అదుపు తప్పేంతగా పెరిగిందని ఆయన ఒప్పుకున్నారు. ఆ వాక్యం చదువుతుంటే నా మొదటి శుక్రవారం గుర్తొచ్చింది. ఆయన లెక్క వేల కోట్లది, నాది ఒక రిపోర్టులో రంగు మాత్రమే. కానీ ఈ వారానికి సర్దేస్తే వచ్చే వారం సరిచేసుకోవచ్చన్న ఆశ దగ్గరే రెండూ మొదలయ్యాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లో ప్రత్యేక కోర్టు రాజుతో సహా పది మందిని దోషులని తేల్చి ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది. ఆపైన అప్పీళ్ళు నడిచాయి.

ఆ కథలో ఇంకో సగం ఉంది, దాన్ని జనం త్వరగా మరచిపోయారు. ప్రభుత్వం పాత బోర్డును తప్పించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ వంటివాళ్ళతో కొత్త బోర్డు వేసింది. 2009 ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. నాలుగేళ్ళకు తనలో కలుపుకుంది. తలుపులు మూసేయకుండా అది నిలబడిందంటే, నెలాఖరుకు జీతం వస్తుందో రాదో తెలియని రోజుల్లో కూడా రాత్రి కాల్స్‌కి హాజరై క్లయింట్ల పని ఆపని వేలమంది మామూలు ఉద్యోగులే అందుకు కారణమని నా నమ్మకం. పైన అబద్ధం నడుస్తున్నప్పుడు కింద నిజమైన పనే సాగింది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

2. కోపం పల్లానికే పారుతుంది.

న్యూయార్క్‌లో పొద్దున పదయితే మనకు రాత్రి ఏడున్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. మా పైవాళ్ళు అమెరికాలో పొద్దున లేచి రాసే మెయిళ్ళు మాకు దీపాలు పెట్టే వేళకు చేరేవి. అందులో ఒక్క కటువైన వాక్యం ఉంటే చాలు, ఆ రాత్రి నా టీమ్‌లో ఎవరూ ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు. పని ఇద్దరిది, కూర్చునేది పన్నెండు మంది. ఆరున్నర కంపెనీ బస్సు ఎప్పుడో వెళ్ళిపోయేది. నేను వాళ్ళ కుర్చీల వెనక అటూ ఇటూ నడుస్తూ ఉండేవాణ్ని. నేనక్కడ ఉన్నందువల్ల ఒక్క లైను కోడ్ కూడా తొందరగా తెమలలేదు. పైనుంచి పడిన మాట నా గుండెలో ఆగకుండా ఇంకెక్కడికైనా పోవాలి, నాకు దొరికిన దారి వాళ్ళే.

మాదాపూర్‌లో మా ఆఫీసు ఎదురుగా ఒక టీ బండి ఉండేది. ఒక సాయంత్రం నేను వెనక నిలుచున్న సంగతి తెలియక కొత్తగా చేరిన పిల్లాడొకడు తోటివాడితో అన్నాడు: "పైవాళ్ళ ముందు చేతులు కట్టుకుంటాడు, మన ముందు నడుం మీద పెట్టుకుంటాడు." నన్ను గురించి అంత సరిగ్గా అంతకు ముందు గానీ తరవాత గానీ ఎవరూ చెప్పలేదు. ఆ మాట విని నేను మారి ఉండాల్సింది. మర్నాటి నుంచి ఆ బండి దగ్గరికి వెళ్ళడం మానేశాను.

నీ మేనేజరు నీ మీద అరిచినప్పుడు, అతని మీద అరిచినవాడు ఇంకొకడు ఉంటాడని గుర్తుపెట్టుకో. అతన్ని క్షమించమని చెప్పడం లేదు. ఆ కోపం నీ దగ్గరికి వచ్చాక ఎటు పోతుందో చూసుకోమంటున్నాను. నీ పక్కసీటు ఫ్రెషర్ మీదికా, ఇంట్లో అమ్మ మీదికా, నీ ఒంట్లోకా? నా కోపంలో కొంత మా ఆవిడ మీదికి, చాలా భాగం నా రక్తపోటులోకి వెళ్ళింది. ఇవాళ్టికీ పూటకో మాత్ర వేసుకుంటున్నాను.

3. చేయి తిరిగిన పనివాడల్లా మేస్త్రీ కాలేడు.

నేను 1997 దాకా సిమెంటు ఫ్యాక్టరీలో లెక్కల గుమాస్తాని. పాత కంప్యూటర్ ప్రోగ్రాములను 2000 సంవత్సరానికి సరిచేసే వైటూకే పనుల గాలి వీస్తోందని విని, ముప్ఫై మూడేళ్ళ వయసులో, అమీర్‌పేట మైత్రీవనంలో కోబాల్ నేర్చుకున్నాను. గదిలో నాకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు. 1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మాదాపూర్‌లో చుట్టూ బండరాళ్ళు, పొదలు, ఒక పక్కన శిల్పారామం. ఆ తరవాత పదేళ్ళలో పెరిగిన వేగం చూసినవాళ్ళకే తెలుస్తుంది. వందలమంది ఉన్న కంపెనీలు వేలల్లోకి, వేలల్లో ఉన్నవి పదివేలల్లోకి పోయాయి. అంతమందిని చూసుకోవడానికి మేనేజర్లు కావాలి. ఎక్కడినుంచి వస్తారు? నాలుగేళ్ళు కోడ్ బాగా రాసినవాణ్ని ఒక శుక్రవారం మేనేజరు అన్నారు. సోమవారానికి అతని కింద పదిహేను మంది.

నన్నూ అలాగే చేశారు. హోటల్లో రెండు రోజుల శిక్షణ, చివర ఒక సర్టిఫికెట్. మనిషితో ఎలా మాట్లాడాలో, ఏడుస్తున్నవాడి ఎదుట ఎలా కూర్చోవాలో, తెలియనిది తెలియదని ఎలా చెప్పాలో అందులో లేదు. జీతం పెరగాలంటే అందరికీ ఆ ఒక్క నిచ్చెనే ఉంది. మనుషులంటే ఆసక్తి లేని మంచి ఇంజనీర్లు కూడా దాన్నే ఎక్కారు.

ఇంకో కారణం డబ్బు లెక్కలో ఉంది. మన సర్వీస్ కంపెనీల వ్యాపారం గంటల మీద నడుస్తుంది. క్లయింటుకు ఎన్ని గంటల బిల్లు వేశాం, ఎంతమందిని బెంచ్ మీద లేకుండా చూశాం, పైన పెద్ద జీతాలవాళ్ళు కొందరూ కింద చిన్న జీతాలవాళ్ళు ఎందరో ఉండేలా టీమ్ కట్టామా అన్నవే మేనేజరుకు పడే మార్కులు. టీమ్‌లో ఎవరు ఎదిగారు, ఎవరు మౌనంగా విరిగిపోయారు అన్న దానికి మార్కు లేదు. దేనికి మార్కులుంటే మనిషి దానికే చదువుతాడు. నీ మేనేజరు దుర్మార్గుడు కాకపోవచ్చు, రాని పరీక్షకు కూర్చోబెట్టిన విద్యార్థి కావచ్చు. ఆ సంగతి తెలిస్తే నీ బాధ తగ్గదు గానీ, తప్పు నీలో ఉందేమోనని నిద్ర పాడుచేసుకోవడం తగ్గుతుంది.

4. ముందే నిజం చెప్పినవాడికి గడువు దొరుకుతుంది.

2011 నుంచి రెండేళ్ళపాటు ఒక పెద్దావిడ కింద పనిచేసే అదృష్టం కలిగింది. పెద్దావిడ అన్నాను గానీ, వయసులో నాకన్నా ఆరేళ్ళు చిన్న. ప్రాజెక్టు మొదలైన మూడో వారంలో మా అంచనా తప్పిందని తేలింది. నాకు పాత వణుకు పట్టుకుంది. ఆవిడ అదే రాత్రి కాల్‌లో క్లయింటుకు చెప్పేశారు. "లెక్క తప్పింది, ఆ తప్పు నాది. పని తగ్గిస్తే అదే తేదీకి ఇస్తాం, మొత్తం కావాలంటే ఇంకా ఆరు వారాలు పడుతుంది." అటువైపు చాలాసేపు మాట లేదు. తరవాత క్లయింటు, ముందు ఏ భాగం వస్తుందని అడిగాడు. అరగంటలో తేలిపోయింది. పదకొండు శుక్రవారాలు నేను దేనికి భయపడ్డానో ఆ అరగంటలో నాకు అర్థం కాలేదు.

ఆవిడకు ఒక అలవాటుండేది. ప్రతి గురువారం మధ్యాహ్నం టీమ్‌లో ఒకరిని పిలిచి, "నీ పనికి ఏది అడ్డొస్తోంది?" అని అడిగేవారు. చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకునేవారు. మళ్ళీ వాళ్ళ వంతు వచ్చినప్పుడు ముందుగా ఆ పేజీ తీసి, పోయినసారి చెప్పినదానికి ఏం చేశారో, ఏది చేయలేకపోయారో చెప్పేవారు. అంతే. ఇందులో శిక్షణ అవసరమైనది ఏముంది? ఆ అలవాటు నేను నేర్చుకునేటప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. అంతకు ముందు నా కింద పనిచేసి వెళ్ళినవాళ్ళు ఎందరో లెక్క కూడా లేదు.

5. నోటిమాట గాలికి పోతుంది, రాసినది నిలుస్తుంది.

2009 మాంద్యంలో ఒక మధ్యాహ్నం మా అద్దాల గదిలో ఏడుగుర్ని ఒకరి తరవాత ఒకర్ని పిలిచారు. ఎదురుగా హెచ్ఆర్, పక్కన నేను. "మీరే రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది, లేకపోతే తీసేసినట్టు రికార్డులో పడుతుంది" అన్నది వాళ్ళకిచ్చిన ఎంపిక. ఒకతను, "నాన్నగారితో మాట్లాడి రేపు చెబుతాను" అన్నాడు. కుదరదన్నారు. అతను నా వైపు చూశాడు. "నీ మంచికే" అన్నాను నేను. ఆ నాలుగు అక్షరాలు ఇవాళ్టికీ నా చెవిలో ఉన్నాయి.

ఒక్క రాత్రి గడువు అడగడం అతని హక్కని ఆ గదిలో ఒక్కరమైనా చెప్పలేదు. అందుకే నీకు చెబుతున్నాను. ఏ కాగితం మీదా పిలిచిన రోజే సంతకం పెట్టవద్దు. 2017లో ఉద్యోగాల కోత మొదలైనప్పుడు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు కొందరు, బలవంతంగా రాజీనామా చేయించారని కార్మిక శాఖ కమిషనర్ దగ్గరికి వెళ్ళారు. ఐటీవాళ్ళకు అక్కడేం పని అని అంతకుముందు మేమంతా అనుకునేవాళ్ళం. మనిషి కార్మికుడా కాదా అని తేల్చేటప్పుడు, విజిటింగ్ కార్డు మీద ఏ హోదా ఉన్నా, రోజూ నిజంగా ఏ పని చేస్తున్నాడన్నదే చూడాలని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఐదేళ్ళ సర్వీసు నిండినవాడికి గ్రాట్యుటీ దయాధర్మం కాదు, 1972 నాటి చట్టంతో వచ్చిన హక్కు. ఏడాదికి పదిహేను రోజుల వేతనం లెక్కన వస్తుంది. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ఆఫీసులో లైంగిక వేధింపులపై మహిళల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. మీ ఆఫీసు కమిటీలో ఎవరున్నారో నీకు తెలుసా? నా టీమ్‌లో ఒక్క ఆడపిల్లకూ తెలియదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రోజువారీ విషయంలోనూ అంతే. మీటింగ్‌లో నోటితో చెప్పిన తేదీని ఆ సాయంత్రమే రెండు వాక్యాల మెయిల్‌గా రాసి, "ఇలా అనుకున్నాం, సరే కదా" అని పంపు. గొడవ పెట్టుకునే స్వరం అక్కర్లేదు. నీ సొంత డైరీలో తేదీ వేసి జరిగింది రాసుకో. కంపెనీ ఫైళ్ళు, క్లయింటు సమాచారం మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. న్యాయం నీ వైపు ఉండగా ఆ ఒక్క పనితో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

6. అప్పున్నవాడి నోరు సగమే తెరుచుకుంటుంది.

2006 రివ్యూ మీటింగ్‌లో కాగితాలు చూసుకుంటూ కూర్చున్నానని చెప్పాను. అంతకు ఏడాది ముందే ఈ మియాపూర్ ఫ్లాటుకు ఇరవై ఏళ్ళ లోను తీసుకున్నాను. ప్రతి ఐదో తారీకూ కట్టాల్సిన ఈఎంఐ నా గొంతుకు అడ్డం పడింది. ఇల్లు కొనవద్దని అనను. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకున్నాకే కొను. శంకర్‌పల్లిలో ప్లాటు ఏడాది ఆగినా ఫర్వాలేదు. ఆ ఆరు నెలల డబ్బు నీకు కొనిపెట్టేది ఏ రివ్యూ మీటింగ్‌లోనైనా లేచి నిలబడే ధైర్యం.

7. మార్కు వేసేవాడు ముందు తన చేతిని చూసుకోవాలి.

ఇది రాయడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

మా కంపెనీలో అప్పట్లో బెల్ కర్వ్ ఉండేది. ఎంత మంచి టీమ్ అయినా కొందరు పైన, చాలామంది మధ్యలో, ఒకరో ఇద్దరో అట్టడుగున ఉండి తీరాలి. 2010 మార్చిలో నా టీమ్‌లో పదిమందీ బాగానే పనిచేశారు. అడుగు గడి మాత్రం ఖాళీగా ఉంది, దాన్ని నింపాలి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ఆ ఏడాది కాన్పుకు వెళ్ళి, అప్పటి చట్టం ఇచ్చిన పన్నెండు వారాల సెలవు వాడుకుని వచ్చింది. ఇప్పుడైతే ఇరవై ఆరు వారాలు, 2017లో చట్టం మార్చారు. సెలవుకు ముందూ తరవాతా ఆమె పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆమె పేరు అడుగు గడిలో రాశాను.

రేటింగ్ చెప్పడానికి పిలిచాను. విని, ఏడవలేదు, వాదించలేదు. "సర్, ఇది నా పనికి వేశారా, నా సెలవుకి వేశారా?" అని ఒక్కటే అడిగింది.

"బెల్ కర్వ్ అమ్మా, నా చేతిలో ఏమీ లేదు" అన్నాను.

నా చేతిలోనే ఉంది. పదిమందిలో ఎవరి పేరు రాసినా ఆ గడి నిండేది. మిగతా తొమ్మిదిమందిలో ఒకడు నాతో గట్టిగా పోట్లాడేవాడు, ఇంకొకడు మా డైరెక్టరుకు దగ్గర, మరొకడు వెళ్ళిపోతే ప్రాజెక్టు ఆగిపోయేది. ఈమె గొడవ చేయదని రాశాను. పాలు తాగే బిడ్డ ఇంట్లో ఉన్న మనిషికి గొడవ చేసే ఓపిక ఉండదని లోపల ఎక్కడో లెక్క వేసుకునే రాశాను. పేరు పెట్టి చెప్పాలంటే అది పిరికితనం. నాలుగు నెలల్లో ఆమె ఉద్యోగం మానేసింది. వీడ్కోలు కేక్ కోసినప్పుడు నేను వేరే మీటింగ్ పెట్టుకున్నాను.

2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఇలా ఉద్యోగుల్ని వరసలో నిలబెట్టి కొలిచే పద్ధతిని ఎత్తేసింది. మర్నాడు లంచ్‌లో అందరూ అదే మాట్లాడుకున్నారు. మనుషుల్ని గడుల్లో పెడితే పక్కవాడికి సాయం చేసేవాడు మిగలడని అంత పెద్ద కంపెనీ తెలుసుకుందని తలలు ఊపుకున్నాం. నేనూ ఊపాను. నా గడి సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 2022లో ఉద్యోగ విరమణ చేసి, ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక ఆమె ఎక్కడుందో కనుక్కుని ఉత్తరం రాశాను. సెలవుకే వేశానని, కర్వ్ మీదికి నెట్టి తప్పించుకున్నానని, ఆమె అడిగిన రోజునే నాకు ఆ జవాబు తెలుసని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. కోపం లేదు, తిట్టు లేదు. "ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే, రేటింగ్ అదే ఉన్నా నేను అక్కడే పనిచేసేదాన్ని సర్. పన్నెండేళ్ళు నా పనిలోనే లోపముందేమో అనుకున్నాను" అని రాసింది.

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. కంపెనీ మారాడట, కొత్తచోట వాడి కింద నలుగుర్ని ఇచ్చారట. గొంతులో సంతోషం ఉంది, కొంచెం బెరుకూ ఉంది. నాన్నా, మార్చిలో రేటింగ్ కాగితం నీ ముందుకూ వస్తుంది. ఆ నలుగురిలో ఎవరైనా నీ ఎదుట కూర్చుని ఎందుకని అడిగితే, నీకు తెలిసిన జవాబు ఆ రోజే, ఆ గదిలోనే చెప్పు.